స్లెడ్ హాకీ స్లెడ్: కొనేముందు కొలవాల్సినవి, కొన్నాక బిగించాల్సినవి

కాళ్లు లేనివాళ్లు, కాళ్లు సరిగా పనిచేయనివాళ్లు స్లెడ్ అనే చిన్న బండిలో కూర్చుని, రెండు చేతుల్లో రెండు పొట్టి స్టిక్‌లతో మంచు మీద తోసుకుంటూ, పక్ అనే గుండ్రటి బిళ్లను కొడుతూ ఆడే ఐస్ హాకీయే స్లెడ్ హాకీ. అమెరికా, కెనడాల్లో స్లెడ్ హాకీ క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకు మొదట చేతికిచ్చేది సర్దుబాటు స్లెడ్. అల్యూమినియం గొట్టాలు వెల్డింగ్ చేసిన ఫ్రేము, కూర్చోడానికి ప్లాస్టిక్ బకెట్, బకెట్ కింద రెండు స్టీలు బ్లేడ్లు, ముందువైపు మంచును తాకుతూ జారే చిన్న స్కిడ్. పట్టీలు మూడు: నడుముకొకటి, మోకాళ్లకొకటి, పాదాలకొకటి. ముందు ఫ్రేము గొట్టంలో గొట్టంలా జరుగుతుంది కాబట్టి కాళ్ల పొడవుకు తగ్గట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వెనక నెట్టే హ్యాండిల్ కావాలంటే బిగించుకోవచ్చు. ఈ సమీక్ష ఏదో ఒక్క కంపెనీ సరుకు గురించి కాదు, ఈ రకం స్లెడ్ గురించి. జాతీయ జట్లు వాడే కొలిచి చేయించిన స్లెడ్‌తో పోలిస్తే ఇది ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అన్నది వివరంగా చెబుతున్నాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. పిల్లలకైనా, పెద్దవయసులో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకైనా మొదటి రెండు మూడు సీజన్లకు ఇంతకంటే మంచి సరుకు లేదు. కానీ స్లెడ్‌ను కుర్చీలా చూసి కొంటే డబ్బు దండగ. దీన్ని కాలికి బూటు చూసుకున్నట్టు చూసుకోవాలి. బకెట్ ఒంటికి సరిపోకపోతే ఎంత తేలికైన ఫ్రేమయినా, ఎంత ఖరీదైన బ్లేడయినా పనికిరాదు. బరువు తక్కువ, కార్బన్ ఫైబర్, జాతీయ జట్టు వాడే రకం అని రాసున్నవి చూసి ఎక్కువ పెట్టి కొన్నవాళ్లు ఆ తేడాను మంచు మీద వాడుకోలేకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

అమెరికా జాతీయ జట్టునే చూడండి. 2002లో సాల్ట్ లేక్ సిటీలో తొలి పారాలింపిక్ స్వర్ణం, 2006లో కాంస్యం, ఆ తర్వాత 2010 వాంకూవర్, 2014 సోచి, 2018 ప్యాంగ్‌చాంగ్, 2022 బీజింగ్‌లో వరుసగా నాలుగు స్వర్ణాలు. ఆ జట్టు స్లెడ్లను ఒక వరసలో పెడితే ఏ రెండూ ఒకలా ఉండవు. డెక్లన్ ఫార్మర్, బ్రోడీ రోయ్‌బల్‌లకు పుట్టుకతోనే రెండు కాళ్లూ పూర్తిగా ఏర్పడలేదు. వాళ్ల స్లెడ్లు పొట్టివి, ముందు బరువు దాదాపు ఉండదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. న్యూజెర్సీ కుర్రాడు జాక్ వాలెస్ చిన్నప్పుడు పడవ ప్రమాదంలో కుడికాలు పోగొట్టుకున్నాడు. ఎడమకాలు ఉంది కాబట్టి ఆ కాలు పట్టేంత ముందు ఫ్రేము కావాలి. రికో రోమన్ ఇరాక్‌లో పేలుడులో గాయపడి ఎడమకాలు తీసేయించుకున్న సైనికుడు, అతనిదీ ఒక కాలి లెక్కే. ఒకే జట్టు, ఒకే ఆట, ఒకే నిబంధనలు. స్లెడ్ మాత్రం ఎవరిది వాళ్లదే. 2018 ఫైనల్లో కెనడా 1-0తో ముందున్నప్పుడు ఆట ముగియడానికి 37.8 సెకన్ల ముందు ఫార్మర్ గోల్ కొట్టి సమం చేశాడు, ఓవర్‌టైములోనూ అతనే కొట్టి గెలిపించాడు. ఆ రెండు గోల్స్ వీడియో దొరికితే షాట్ కంటే ముందు అతని నడుము చూడండి. నడుము ఎటు వంగితే స్లెడ్ అదే క్షణంలో అటు వంగుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు.

ఆ ఖాళీ లేకుండా చేసేది బకెట్. అందుకే మొదటి కొలత తుంటి వెడల్పు. ఇది చేతి టేపుతో ఒళ్లు చుట్టి తీసే కొలత కాదు. ఆటకు వేసుకునే హాకీ ప్యాంటు వేయించి, గట్టి బల్ల మీద కూర్చోబెట్టి, రెండు తుంటుల పక్కన రెండు లావుపాటి పుస్తకాలు నిలువుగా ఆనించి, ఆ రెండు పుస్తకాల మధ్య దూరం కొలవండి. బకెట్ లోపలి వెడల్పు దానికి సరిసమానంగా ఉండాలి, మహా అయితే అర అంగుళం ఎక్కువ. మామూలు ప్యాంటుతో కొలిచి ఆర్డర్ ఇస్తే ప్యాడింగ్ వేసుకున్నాక పట్టదు. ఇది మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. రెండోది ఇంకా తరచూ జరిగేది: ఎదిగే పిల్లలు కదా అని రెండు మూడు అంగుళాలు వదులుగా తీసుకోవడం. బట్టలకు చెల్లే లెక్క ఇక్కడ చెల్లదు. పెద్ద సైజు తీసుకోవాలనే అనుకుంటే తీసుకోండి గానీ, రెండు పక్కలా అర అంగుళం మందం ఫోమ్ పలకలు పొరలుగా అతికించి బిగువు తెప్పించండి. బిడ్డ ఎదిగేకొద్దీ ఒక్కో పొర తీసేయవచ్చు.

ఫోమ్ ఏదంటే అది పనికిరాదు. నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమే వాడాలి. సోఫా దిండులో ఉండే మెత్తటి స్పాంజి పెడితే మంచు పొడి కరిగి అందులోకి దిగుతుంది, పావుగంటలో తడి, ఆ తర్వాత గడ్డకట్టే చలి. స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం) ఉన్న పిల్లలకు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు పిరుదుల్లో చాలాసార్లు స్పర్శ ఉండదు కాబట్టి ఆ చలి గానీ, ఒత్తిడి గానీ వాళ్లకు తెలియదు. ఆట అయ్యాక చర్మం చూడాల్సింది అందుకే. ఎర్రగా కందిన మచ్చ అరగంటలో మామూలు రంగుకు రాకపోతే అక్కడ ఏదో నొక్కుతోందని అర్థం. బకెట్ అంచా, బోల్టు తలా, ప్యాంటు కుట్టా అన్నది వెతికి సరిచేసేదాకా మళ్లీ మంచు మీదికి పంపకండి. స్పైనా బైఫిడా ఉన్నవాళ్లలో లేటెక్స్ (సహజ రబ్బరు) అలర్జీ ఎక్కువ. పట్టీల్లో సాగే ఎలాస్టిక్, టేపు, స్టిక్ పట్టుకు చుట్టే రబ్బరు, వీటన్నిటిలో లేటెక్స్ ఉందో లేదో అమ్మేవాళ్లను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. మూత్రం కోసం పెట్టిన కాథెటర్ గొట్టం ఉంటే నడుము పట్టీ దాన్ని నొక్కకుండా చూసుకోవాలి, మూత్రం సంచి ముందే ఖాళీ చేయాలి. తలలో చేరే అదనపు ద్రవాన్ని తీసేందుకు అమర్చిన షంట్ అనే గొట్టం ఉంటే డాక్టరు మాట తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

బకెట్ వీపు ఎత్తు విషయంలో అమ్మేవాళ్లు ఎక్కువ ఎత్తే సురక్షితం అంటారు. అన్నిసార్లూ కాదు. పొట్ట, నడుము కండరాలు బాగా పనిచేసేవాళ్లకు, ముఖ్యంగా కాళ్లు మాత్రమే లేనివాళ్లకు, బకెట్ వీపు నడుము దాటి పైకి రానక్కర్లేదు. వీపు ఎత్తుగా ఉంటే భుజం వెనక్కి తిరగదు, స్టిక్ తోపుకు బలం రాదు, వెనక్కి వాలి షాట్ కొట్టడం కుదరదు. కండరాల పట్టు లేనివాళ్లకు మాత్రం కింది పక్కటెముకల దాకా ఆసరా, ఛాతీ కింద మరో పట్టీ కావాలి. సర్దుబాటు స్లెడ్లలో ఈ ఎత్తు మార్చుకునే వీలున్నదే ఎంచుకోండి. ఈ రకం సరుకులో మాకు బాగా నచ్చింది ఇదే. పిల్ల బలపడేకొద్దీ వీపును ఒక్కో మెట్టు కిందికి దించుకుంటూ పోవచ్చు.

కాళ్ల పొడవు సంగతి త్వరగా చెప్పుకుందాం. తుంటి వెనక నుంచి పాదం అడుగు దాకా, బూట్లు వేసి, మోకాలు కాస్త వంచి కొలవండి. మోకాలు బిర్రుగా చాపి ఫ్రేము సర్దితే ఢీకొన్నప్పుడు దెబ్బంతా మోకాలి వెనక్కి పోతుంది. పాదాలు ముందు కమ్మీ దాటి బయటికి రాకూడదు. ఉన్ని సాక్సు, ఒక సైజు పెద్ద బూటు చాలు. స్కేట్లు వేయాల్సిన పని లేదు. కృత్రిమ కాలు ఉన్నవాళ్లు చాలామంది దాన్ని తీసేసి ఆడతారు, అప్పుడు మిగిలిన కాలి చివరకు గట్టి ప్యాడ్ తప్పనిసరి.

బ్లేడ్ల దగ్గర మాత్రం నిదానించాలి. ఈ ఆట తీరు సగం అక్కడే నిర్ణయమవుతుంది. బ్లేడ్లను రెండు దిక్కుల్లో జరపవచ్చు: ముందుకూ వెనక్కూ, దగ్గరకూ దూరానికీ.

ముందూ వెనకా సర్దడం ఇలా. ఆటగాణ్ని హెల్మెట్, భుజాల ప్యాడ్లు సహా అన్నీ తొడిగించి మంచు మీద కూర్చోబెట్టండి. గచ్చు మీద, మామూలు బట్టల్లో చేసిన సర్దుబాటు నిలవదు, ప్యాడ్లతో బరువు కేంద్రం మారిపోతుంది. చేతులు ఒడిలో పెట్టుకుని నిటారుగా కూర్చుంటే ముందు స్కిడ్ మంచును ఆనీ ఆననట్టు తాకాలి. వెనక చెయ్యి అడ్డుపెట్టి భుజాలను సుతారంగా వెనక్కి నెట్టండి. స్లెడ్ ఇట్టే వెనక్కి లేచిపోతే బ్లేడ్లు ముందుకు పోయాయన్నమాట, వెనక్కి జరపాలి. అలా కాక స్కిడ్ వెంట మంచు మీద లోతైన గీత పడుతూ, తోసినా బండి ముందుకు కదలనని మొరాయిస్తుంటే బ్లేడ్లు మరీ వెనకున్నట్టు, ముందుకు తేవాలి. ఒక్కసారికి ఒక్క సెంటీమీటరు మించి జరపకండి. రెండు బ్లేడ్లూ సమానంగా జరిగాయో లేదో ఫ్రేము వెనక కమ్మీ నుంచి స్కేలు పెట్టి చూసుకోండి. కాళ్లు పొడుగెదిగితే బరువు ముందుకు పోతుంది. కిందటేడు చక్కగా నడిచిన స్లెడ్ ఈ ఏడాది బరువుగా ఉందని పిల్లలు అంటే మొదట చూడాల్సింది ఇదే.

వెడల్పు సంగతికొస్తే, కొత్తవాళ్లకు రెండు బ్లేడ్ల మధ్య నాలుగు వేళ్ల దూరం ఉంటే కుదురుగా కూర్చోగలుగుతారు. కానీ అంత దూరంలో స్లెడ్ వంగదు. తిరగాలంటే ఒకవైపు స్టిక్ ఆనించి ఈడ్చాల్సిందే, అలా ఈడ్చిన ప్రతిసారీ వేగం పోతుంది. జాతీయ జట్టువాళ్ల బ్లేడ్లు అంగుళమో, అంతకంటే తక్కువో ఎడంగా ఉంటాయి. వాళ్లు తుంటితో ఒక అంచు మీదికి వాలి తిరుగుతారు, చేతులు పక్ కోసం ఖాళీగా ఉంటాయి. మరి మొదటి రోజే దగ్గరగా పెట్టేస్తే? పిల్ల నిమిషానికోసారి పక్కకు పడుతుంది, చేతులతో ఆనుకోవడమే పనవుతుంది, తోపు నేర్చుకోదు. మేం చెప్పే పద్ధతి ఇది: పడకుండా రింక్ (మంచు మైదానం) ఒక చుట్టు తిరిగి రాగలిగాక ఒక్కో వైపు ఒక్కో స్పేసర్ (బ్లేడ్లను ఎడంగా ఉంచే రింగు) తీసి దగ్గరికి తేవాలి. మళ్లీ కుదుటపడేదాకా ఆగి, మరొకటి. తొందరపెట్టే కోచ్‌లూ ఉంటారు, భయపడి నాలుగేళ్లయినా నాలుగు వేళ్ల దూరం దగ్గరే ఆగిపోయే తల్లిదండ్రులూ ఉంటారు. రెండోదాని నష్టమే ఎక్కువ. ఈడ్చి తిరగడం ఒకసారి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం.

ఈ సర్దుబాటులో తరచూ వచ్చే తంటా స్లెడ్ ఒక పక్కకు లాగడం. గోల్ లైను దగ్గర మెల్లగా తోసి వదిలి, స్టిక్‌లు పైకెత్తించి, నీలి గీత దాకా జారనివ్వండి. నిటారుగా కూర్చున్నా ఎడమకో కుడికో పోతుంటే కారణం మూడింటిలో ఒకటి. స్పేసర్లు ఒకవైపు ఎక్కువ పడి ఉంటాయి. లేదా బ్లేడ్లు సమాంతరంగా లేవు, ముందు కొసల మధ్య దూరం, వెనక కొసల మధ్య దూరం కొలిస్తే తేలిపోతుంది. లేదా పదును పెట్టడంలో ఒక బ్లేడు ఎక్కువ అరిగి ఎత్తు తగ్గింది. మూడోది దుకాణంలో చేసే పొరపాటు. బొడిపె పడ్డ ఒక్క బ్లేడుకే నాలుగు పట్లు ఎక్కువ పట్టి రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. స్లెడ్ బ్లేడ్లు ఎప్పుడూ జతగా ఇవ్వాలి, రెండింటికీ సమానంగా పట్టమని చెప్పాలి. బ్లేడు అడుగున రెండు అంచుల మధ్య పొడుగునా ఉండే గాడిని అర అంగుళం వ్యాసార్థంతో మొదలుపెట్టండి. బరువు తక్కువున్న పిల్లలకు పక్కకు జారిపోతుంటే ఇంకా లోతు గాడి, బరువున్నవాళ్లకు మంచులో మరీ దిగబడిపోతుంటే తేలిక గాడి. అన్నట్టు, రింక్ బయట కాంక్రీటు మీద స్లెడ్‌ను అడుగు దూరం ఈడ్చినా పదును పోతుంది. మంచు దాకా ఎత్తుకుని వెళ్లండి, లేదా రబ్బరు చాప పరచండి.

నిబంధనల్లో కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. ఫ్రేము మంచుకు 8.5 నుంచి 9.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కూర్చునే బకెట్ అడుగు 20 సెంటీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. బ్లేడు పొడవు స్లెడ్ మొత్తం పొడవులో మూడోవంతు దాటకూడదు. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఫ్రేమును పొట్టి చేసినప్పుడు పాత బ్లేడు నిబంధనకు మించిపోయే అవకాశం ఉంది, టోర్నమెంటులో తనిఖీ చేస్తే అక్కడే ఆగిపోతారు. ఫ్రేము ఎత్తుకు కారణం పక్. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉండే పక్ స్లెడ్ కిందినుంచి దూరిపోవాలి. ఎడమ చేతి స్టిక్‌తో పక్‌ను కిందినుంచి తోసి కుడి స్టిక్‌తో అందుకోవడం ఈ ఆటలో ప్రాథమిక విద్య. 1960లలో స్టాక్‌హోంలో, పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లు గడ్డకట్టిన సరస్సు మీద ఈ ఆట మొదలుపెట్టినప్పుడే ఇనుప చట్రం కింద పక్ దూరేంత సందు ఉండేలా చేసుకున్నారు. చట్రం కింద రెండు బ్లేడ్లు అన్న ఏర్పాటు నేటికీ అదే. కాబట్టి బకెట్ కింద బోల్టు తల వేలాడినా, పట్టీ కొస జారినా పక్ అక్కడే ఇరుక్కుంటుంది. పట్టీలు సరైన బిగువు తెలిసాక మిగిలిన కొస కత్తిరించి, దారాలు విడిపోకుండా అంచును అగ్గిపుల్లతో కాల్చి అతుకు పెట్టండి.

పట్టీల దగ్గరే ఈ స్లెడ్ల అసలు లోపం ఉంది. చవక మోడళ్లకు వెల్క్రో పట్టీలు వస్తాయి. మంచు పొడి పట్టగానే వాటి పట్టు సడలుతుంది. మొదటి పీరియడ్‌లో బిగించినది రెండో పీరియడ్‌కు వదులవుతుంది, తుంటి ముందుకు జారుతుంది, పడినప్పుడు ఒళ్లు ఒకవైపు, స్లెడ్ ఒకవైపు పోతాయి. బూట్లను స్నోబోర్డుకు బిగించే పళ్ల పట్టీలు మార్చుకోండి, ఖర్చు పెద్దగా కాదు. వాటికీ ఒక బలహీనత ఉంది, చలికి ప్లాస్టిక్ బిరుసెక్కి పళ్లు విరుగుతాయి, సంచిలో ఒకటి అదనంగా ఉండాలి. బిగించే వరస కూడా ముఖ్యమే: తుంటిని బకెట్ వీపుకు పూర్తిగా ఆనించి ముందు నడుము పట్టీ, తర్వాత మోకాళ్లది, ఆఖర్న పాదాలది. పాదాల నుంచి మొదలుపెడితే తుంటి వెనక్కి వెళ్లడానికి చోటుండదు.

స్టిక్‌లు రెండు, ఒక్కో చేతికి ఒక్కటి. పెద్దల పోటీల్లో ఒక్కోటి మీటరుకు మించకూడదు. ఒక కొసన బ్లేడు, రెండో కొసన లోహపు పిక్. మణికట్టు తిప్పి పిక్‌ను మంచులో గుచ్చి తోసుకోవాలి, మళ్లీ మణికట్టు తిప్పి బ్లేడుతో పక్ ఆడాలి. పిక్‌లో ఒకే మొన ఉండకూడదు, చిన్న పళ్లు ఉండాలి, పంటి పొడవు 4 మిల్లీమీటర్లు దాటకూడదు. పళ్లు మొద్దుబారితే పిక్ జారుతుంది, జారిన ప్రతిసారీ ఆ కుదుపు భుజం మీద పడుతుంది. చక్రాల కుర్చీ నడిపేవాళ్లకు భుజాలే కాళ్లు, వాటిని పిక్ కోసం పాడుచేసుకోవద్దు. ఆకురాయితో పళ్లను నెలకోసారైనా సరిచేయండి, అరిగిపోతే మార్చేయండి. స్టిక్ పొడవు షాట్‌కు ఎక్కువ కావాలి, తోపుకు తక్కువ కావాలి. మొదట్లో తోపునే చూసుకుని పొట్టివే ఇవ్వండి.

గోల్‌కీపర్ కావాలనుకునేవాళ్లకు ఈ స్లెడ్ సరిపోదు. పక్కలకు కదిలేందుకు బ్లేడ్లు వెడల్పుగానే ఉండాలి, గ్లౌజులకూ పళ్లు ఉండాలి. అది వేరే సరంజామా. 2010 వాంకూవర్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వని అమెరికా గోల్‌కీపర్ స్టీవ్ క్యాష్ ఆట చూస్తే ఆ కదలిక వేరని తెలుస్తుంది.

నెట్టే హ్యాండిల్ గురించి ఒక మాట. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం) వల్ల చేతుల్లో పట్టు తక్కువున్న పిల్లలకు, చిన్న పిల్లలకు ఇది ఎంతో మేలు చేస్తుంది. అయితే వెల్డింగ్ చేసినది కాకుండా బోల్టులతో ఊడదీసేదే తీసుకోండి. పిల్ల తనే తోసుకోవడం మొదలుపెట్టిన రోజున అది అక్కర్లేదు, ఉంటే వెనక్కి లాగే బరువు. నెట్టేవాళ్లు స్కేట్ల మీద బాగా నిలదొక్కుకున్నవాళ్లై ఉండాలి, వాళ్లకూ హెల్మెట్ ఉండాలి. బూట్లతో మంచు మీద నడిచి నెట్టబోతే ముందు పడేది వాళ్లే.

మంచు మీదికి చేర్చడం కూడా స్లెడ్ కొనేటప్పుడే ఆలోచించాలి. పారాలింపిక్స్ జరిగే రింకుల్లో ఆటగాళ్ల బెంచీ మంచుతో సమానమైన ఎత్తులో ఉంటుంది, కూర్చున్నవాళ్లకు ఆట కనిపించేలా ముందు గోడ పారదర్శకంగా ఉంటుంది. మామూలు రింకుల్లో బెంచీ తలుపు దగ్గర మెట్టు ఉంటుంది, స్లెడ్ దాటదు. అందుకని మంచును నునుపు చేసే జాంబోనీ బండి వచ్చే గేటు నుంచి దిగుతారు, మధ్యలో ఆగాలంటే గోడ పక్కనే మంచు మీద ఆగాలి. చక్రాల కుర్చీ నుంచి దిగేటప్పుడు బ్రేకులు వేసి, స్లెడ్‌ను కుర్చీ పక్కన రబ్బరు చాప మీద పెట్టి, జారకుండా ఒకరు కాలితో అదిమి పట్టుకోవాలి. దిగడం తేలికే, ఆట అయ్యాక ఎక్కడమే కష్టం. కుర్చీకీ స్లెడ్‌కూ మధ్య ఎత్తులో ఒక గట్టి పీట ఉంటే పెద్దవాళ్లు రెండు అంచెల్లో ఎక్కగలరు. రింక్ వాళ్లు ఇవన్నీ ఏర్పాటు చేసి ఉంచరు, అడిగి పెట్టించుకోవాలి.

ఫ్రేము మన్నిక మీద మాకు ఫిర్యాదు తక్కువే. అల్యూమినియం మంచి సరుకైతే ఎన్నో సీజన్లు వస్తుంది. పగిలేది ఒక్కచోట: ముందు ఫ్రేము వంపు దగ్గర వెల్డింగ్ అతుకు. ఢీకొన్న దెబ్బలన్నీ అక్కడికే చేరతాయి. గుడ్డతో తుడిచి, లైటు పక్కనుంచి వేసి చూస్తే వెంట్రుకంత చీలిక ముందే కనిపిస్తుంది. కనిపించిందంటే ఆ రోజు ఆట ఆపి అల్యూమినియం వెల్డింగ్ తెలిసినవాళ్ల దగ్గరికి పంపాలి, టేపు చుట్టి నెట్టుకొస్తే ఆట మధ్యలో కాళ్ల కింద విరుగుతుంది. ప్రత్యర్థిని స్లెడ్ ముక్కుతో అడ్డంగా గుద్దడాన్ని ఈ ఆటలో టీయింగ్ అంటారు, దానికి పెనాల్టీ ఉంటుంది. నిబంధన ఉన్నా గుద్దులు పడతాయి. నట్లు నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లే వాడాలి, పదే పదే విప్పి బిగించిన నట్టు పట్టు పోతుంది, కొత్తది వేయాలి. ఆట అయ్యాక బ్లేడ్లు, బోల్టులు పొడిగుడ్డతో తుడవకుండా కారు డిక్కీలో పడేస్తే తుప్పు పట్టి, సర్దుబాటు స్లెడ్ కాస్తా సర్దుబాటు కానిదైపోతుంది. అలెన్ కీల సెట్టు, ఒక స్పానర్, నాలుగు బోల్టులు నట్లు, ఒక పట్టీ, ఒక చుట్ట టేపు సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ధర కొన్ని వందల డాలర్ల నుంచి మొదలవుతుంది, కొలిచి చేయించినది వెయ్యి దాటుతుంది. దాని మీద హెల్మెట్, ముఖానికి అడ్డుండే కేజ్, మెడ గార్డు, భుజాల ప్యాడ్లు, మోచేతులవి, గ్లౌజులు, కాళ్ల గార్డులు కలుపుకుంటే తడిసి మోపెడవుతుంది. ఆట పరికరాలకు ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు. కాబట్టి మొదటి సీజన్ కొనకండి. అమెరికాలో ఐస్ హాకీని నడిపే సంస్థ యూఎస్ఏ హాకీ పరిధిలోని స్లెడ్ క్లబ్బుల్లో చాలాచోట్ల స్లెడ్, స్టిక్‌లు అరువు ఇస్తారు. న్యూజెర్సీ, టెక్సస్, ఇల్లినాయిలలో ఉన్న తెలుగు కుటుంబాలకు డ్రైవింగ్ దూరంలో ఏదో ఒక క్లబ్బు దొరకడం కష్టం కాదు. ఛాలెంజ్డ్ అథ్లెట్స్ ఫౌండేషన్ లాంటి సంస్థలు పరికరాలకు గ్రాంటు ఇస్తాయి. దరఖాస్తుకు గడువు ఉంటుంది కాబట్టి సీజన్ మొదలయ్యాక కాదు, ముందే చూసుకోవాలి. సైనికులుగా గాయపడినవాళ్లకు వెటరన్స్ శాఖ నుంచి వేరే దారి ఉంది.

వాడినది కొనడం తప్పు కాదు, చాలామందికి అదే మంచిది కూడా. వెల్డింగ్ అతుకు, బ్లేడ్ల ఎత్తు సమానమా, ముందు ఫ్రేము గొట్టం తుప్పు లేకుండా జరుగుతోందా, బకెట్ అడుగున పగుళ్లు ఉన్నాయా అన్నవి చూడండి. పట్టీలు, ఫోమ్ ఎలాగూ మార్చాల్సిందే, వాటి పాతదనం చూసి బేరం వదులుకోకండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు తయారీదారుకు పంపాల్సినవి: ప్యాడింగుతో తుంటి వెడల్పు, తుంటి వెనక నుంచి పాదం దాకా లేదా మిగిలిన కాలి చివర దాకా పొడవు, కూర్చున్నప్పుడు బల్ల నుంచి కింది పక్కటెముక దాకా ఎత్తు, మొత్తం బరువు, పొట్ట కండరాల పట్టు ఎంతో చెప్పే ఒక వాక్యం. వీలైతే పక్కనుంచి తీసిన ఫోటో. వీటిలో కాళ్ల పొడవు తప్పు పడితే స్క్రూలు తిప్పి సరిచేయవచ్చు, బ్లేడ్లు తప్పు పడితే జరపవచ్చు. బకెట్ ఇరుకైతే మాత్రం కొత్త బకెట్ కొనాల్సిందే కాబట్టి ఆ ఒక్క కొలతను వేర్వేరు రోజుల్లో ఒకటికి రెండుసార్లు తీసి, రెండూ కలిశాకే పంపండి.